సంతకం ఎవరిది?

(మీ ఉత్తరాలు – మా జవాబులు. ఈ నెల జవాబులిస్తున్నది రాజమండ్రిలో ఒక పెయిన్ క్లినిక్‌లో పదమూడేళ్ళుగా ఫిజీషియన్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్న మా పాఠకురాలు.)

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్‌లో సీటు వచ్చేలా లేదు. బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చదువుతానంటోంది. పీఏ అంటే ఎమ్మెల్యేల దగ్గర ఉండేవాళ్ళు కదా అంటున్నారు మా చుట్టాలు. ఇది డాక్టరు చదువా, నర్సు చదువా? రేపు సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చా?
– ఒక తండ్రి, అంబాజీపేట

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు చెప్తానండి, సొంతంగా క్లినిక్ పెట్టుకోకూడదు. మా పని డాక్టరు గారి పర్యవేక్షణలో చేసే పని. ఈ ముక్క ఇప్పుడే మీకూ అమ్మాయికీ గట్టిగా తెలిస్తే తర్వాత బాధ ఉండదు. ఎంబీబీఎస్‌కి ఇది అడ్డదారి అనుకుని చేరిన పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి వచ్చేసరికి డీలా పడిపోవడం కళ్ళారా చూశాను. ఈ పనే కావాలని వచ్చినవాళ్ళు మాత్రం హాయిగా ఉన్నారు.

ఇది డాక్టరు చదువూ కాదు, నర్సు చదువూ కాదు. పేషెంటుని కూర్చోబెట్టి వివరాలన్నీ రాబట్టడం, పరీక్ష చెయ్యడం, రిపోర్టులు చదివి డాక్టరు గారి ముందు పెట్టడం, ఆపరేషన్ దగ్గర చేయందించడం, ఇంటికెళ్ళాక ఎలా ఉన్నారో కనుక్కోవడం ఇందులో ఉంటాయి. నాలుగేళ్ళ కోర్సు, అందులో ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్. మన దేశంలో ఇది 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె ఆపరేషన్ల డాక్టరు కె.ఎం. చెరియన్ గారి పూనికతో మొదలైంది. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో ఫిజీషియన్ అసోసియేట్ అన్న పేరుతో మాకూ ఒక చోటు దొరికింది. అంతకుముందు మేమెవరమో చెప్పే కాగితమే ఉండేది కాదు. పెళ్ళి చూపుల్లో కూడా మా అమ్మ 'ఆసుపత్రిలో ఉద్యోగం' అని ఊరుకునేది.

చేర్పించే ముందు కాలేజీ వాళ్ళని రెండే అడగండి. డిగ్రీ ఏ యూనివర్సిటీ ఇస్తుంది? ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, అక్కడ నిజంగా పేషెంట్లు ఉంటారా? రెండోదానికి నసిగితే లేచి వచ్చేయండి.

ప్రశ్న: అక్కా, పీఏ పూర్తి చేసి రెండేళ్ళయింది. డెల్టాలోనే ఒక టౌన్లో నొప్పుల డాక్టరు గారి దగ్గర చేస్తున్నాను. సార్ వారంలో మూడు రోజులు వేరే ఊరి క్లినిక్‌కి వెళ్తారు. వెళ్ళేముందు సంతకం పెట్టిన ఖాళీ చీటీలు ఇచ్చి వెళ్తారు. పాత పేషెంట్లకి నేనే మందులు రాసేస్తాను, గట్టి నొప్పి మాత్ర ట్రమడాల్ కూడా. ఈమధ్య మోకాలి ఇంజెక్షన్లు కూడా నేనే చేస్తున్నాను. సార్ నన్నంత నమ్మారని గర్వంగానే ఉంది కానీ రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అసలు మనం ఎంతవరకు చెయ్యొచ్చు?
– పేరు వద్దు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: తమ్ముడూ, ఆ చీటీలు రేపే సార్‌కి తిరిగి ఇచ్చెయ్. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం అనేంత ముఖ్యం ఇది, అందుకే ముందు చెప్తున్నా.

చట్టం సంగతి చూడు. మన దేశంలో పీఏకి సొంతంగా మందు రాసే హక్కు లేదు. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం, 2019లో 34వ సెక్షన్ ఉంది. డాక్టరుగా రిజిస్టర్ కాని మనిషి వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా నువ్వు రాస్తున్నది ఏ మందు? ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. షెడ్యూల్ హెచ్-1లో కూడా ఉంది, అంటే మెడికల్ షాపు వాళ్ళు పేషెంటు పేరు, రాసిన డాక్టరు పేరు, ఎన్ని మాత్రలిచ్చారన్నది విడిగా రిజిస్టర్‌లో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆ పుస్తకం తిరగేస్తే సార్ ఊళ్ళో లేని తేదీన సార్ సంతకంతో చీటీ కనిపిస్తుంది. అప్పుడు సంతకం ఎవరిది అని ఒక ప్రశ్న, చేతిరాత ఎవరిది అని ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్నకి జవాబు నువ్వే.

చట్టం పక్కన పెట్టినా ఆ చీటీ ప్రమాదమే. పోయిన నెల నడుం నొప్పికి ట్రమడాల్ తీసుకున్న పెద్దావిడ ఈ నెల మళ్ళీ వచ్చింది, నొప్పి అలాగే ఉందంది, నువ్వు అదే మందు కొనసాగించావనుకో. మధ్యలో నిద్ర పట్టడం లేదని ఆవిణ్ణి వాళ్ళబ్బాయి కాకినాడలో సైకియాట్రిస్టుకి చూపించి ఉంటాడు, ఆయన డిప్రెషన్‌కి మాత్ర రాసి ఉంటాడు, ఆవిడ దాన్ని 'నిద్ర మాత్ర' అంటుంది. డిప్రెషన్ మాత్రల్లో కొన్నిటితో ట్రమడాల్ కలిస్తే ఫిట్స్ రావచ్చు, ఒళ్ళు వణికి, జ్వరం వచ్చి, మనిషి గందరగోళంలో పడిపోవచ్చు. నరాల నొప్పికిచ్చే ప్రీగాబలిన్ కూడా అంతే, కిడ్నీ పని తగ్గినవాళ్ళకి డోసు తగ్గించకపోతే మగతలో తూలి పడతారు. బీపీ మాత్ర, ఒంటినీరు తీసే మాత్ర వేసుకుంటున్న మనిషికి నొప్పి మందు డైక్లోఫినాక్ కలిపితే కిడ్నీ మీద ఎంత భారమో నీకు చెప్పక్కర్లేదు, చదువుకున్నావు. అయినా పాత పేషెంటే కదా అన్న ఒక్క మాట ఈ చదువంతటినీ మింగేస్తుంది. నాకూ జరిగింది. చేరిన రెండో ఏడాది ఒక తాతగారికి ప్రీగాబలిన్ పెంచాలని కేసు షీట్‌లో రాసి డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంత అని అడిగారు. నేను చూడలేదు. ఆయన నన్ను తిట్టలేదు, షీట్ నా వైపు తిప్పి పెట్టి చూసి రమ్మన్నారు. ఆరోజు ఖాళీ చీటీ నా చేతిలో ఉండి ఉంటే ఆ తాతగారు ఇంటికి వెళ్ళి ఏ అర్ధరాత్రో బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకునేవారు.

ఎంతవరకు చెయ్యొచ్చంటే, మా దగ్గర ఎలా జరిగిందో చెప్తాను. మొదటి ఆరు నెలలు నేను అడిగినవన్నీ డాక్టరు గారు పేషెంటుని మళ్ళీ మొదట్నుంచి అడిగేవారు. నాకు చిన్నతనంగా ఉండేది, కానీ ఎక్కడ ఏం వదిలేశానో అలాగే తెలిసింది. తర్వాత నా పరీక్ష మీద ఆయన ఒకసారి చెయ్యి వేసి చూసి ఒప్పుకునేవారు. ఆ తర్వాత రెండోసారి, మూడోసారి వచ్చేవాళ్ళని నేనే చూసి సాయంత్రం కేసు షీట్లన్నీ ఆయన ముందు పెట్టడం, మందు మారాల్సినవాళ్ళని మాత్రం అప్పటికప్పుడు ఆయన గదిలోకి పంపడం. సి-ఆర్మ్ (లోపలి ఎముకల్ని అప్పటికప్పుడు తెరమీద చూపించే ఎక్స్‌రే యంత్రం) కింద వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు పేషెంటుకి ముందే అంతా విడమరిచి చెప్పడం, రక్తం పలచబరిచే మాత్రలు ఆపారా లేదా చూడటం, బీపీ, పల్స్ కనిపెట్టుకుని ఉండటం, అయ్యాక రెండు గంటలు పక్కనే ఉండటం నా పని. సూది ఆయన చేతిలోనే ఉంటుంది. పదమూడేళ్ళయినా అంతే, దీనివల్ల నాకేమీ తక్కువ కాలేదు. మోకాలి ఇంజెక్షన్ సార్ పక్కనుండి నేర్పిస్తే నేర్చుకోవడం వేరు, సార్ లేని ఊళ్ళో ఒక్కడివే చెయ్యడం వేరు. కీలులోకి ఒక్కసారి చీము పట్టిందంటే ఆ మోకాలు మళ్ళీ మామూలు కావడం ఎంత కష్టమో నీకు తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం నీకు పూర్తి స్వేచ్ఛ ఉంది, దాన్ని చాలామంది పీఏలు వాడుకోరు. అదే, పైకి పంపే స్వేచ్ఛ. కోనసీమలో ఒక కొబ్బరి దింపు కార్మికుడు, నలభై ఏళ్ళవాడు, చెట్టు మీంచి జారినప్పటి నుంచి నడుం నొప్పి, మా దగ్గర మందులు వాడుతున్నాడు. నేను ఫాలో-అప్ ఫోన్ చేశాను. నొప్పి తగ్గిందండి అన్నాడు. ఫోన్ పెట్టేయబోతుంటే వాళ్ళావిడ తీసుకుని 'పొద్దుట్నుంచి ఒంటేలుకి వెళ్ళలేదండి, ఎందుకో మరి' అంది. కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా అని అడిగితే గుడ్డ మీద కూర్చున్నట్టుంది అన్నాడు. వెన్ను అడుగున నరాల గుత్తి నలిగిపోతున్న గుర్తులు అవి, గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. నేను డాక్టరు గారి అనుమతి కోసం ఆగలేదు, వెంటనే కారెక్కించి కాకినాడ తీసుకెళ్ళమన్నాను, ఆ తర్వాతే డాక్టరు గారికి ఫోన్ చేశాను, ఆయన అక్కడి వాళ్ళతో మాట్లాడారు. ఆ రాత్రే ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు అతను చెట్లెక్కడు కానీ నడుస్తున్నాడు.

సార్‌తో ఎలా మాట్లాడాలి అంటావేమో. గొడవగా కాదు. 'సార్, మీరు లేని రోజు పాత పేషెంట్లని నేను చూసి వీడియోలో మీకు చూపిస్తాను, మందు మీరే రాసి పంపండి' అను. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు అందుకు వీలిచ్చాయి, అయితే మత్తుమందుల చట్టం కిందికొచ్చే మందులు వాటిలో రాయకూడదు కాబట్టి ట్రమడాల్ వాళ్ళు సార్ ఉన్న రోజే రావాలి. ఇంకా, నువ్వు ఏయే పనులు సార్ పక్కనుంటే చెయ్యాలో, ఏవి చేసి తర్వాత చెప్పాలో, ఏవి అసలు ముట్టకూడదో ఒక కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆయన ఒప్పుకోకపోతే వేరే చోటు చూసుకో తమ్ముడూ. ఉద్యోగం మళ్ళీ దొరుకుతుంది.

ప్రశ్న: నేను లేసు అల్లుతాను. మెడ నొప్పి, చేతివేళ్ళు తిమ్మిర్లు. పెద్దాసుపత్రికి వెళ్తే ఒకమ్మాయి అరగంట కూర్చుని అన్నీ అడిగింది, చేతులు నొక్కి చూసింది. డాక్టరు గారు వచ్చి ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయారు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. ఆ అమ్మాయి డాక్టరు కాదని తర్వాత తెలిసింది. ఇది మోసం కాదా?
– ఒక గృహిణి, నరసాపురం దగ్గర

జవాబు: అమ్మా, ఆ అమ్మాయి 'నేను డాక్టరుని కాదు, డాక్టరు గారి అసిస్టెంట్‌ని' అని మొదటే చెప్పకపోయి ఉంటే మీ కోపం న్యాయమే. మెడలో స్టెతస్కోప్ ఉన్నవాళ్ళందర్నీ డాక్టరమ్మా అని పిలవడం మన అలవాటు, ఆ పిలుపు విని సరిదిద్దకుండా ఊరుకోవడం మా తప్పు. ఈసారి వెళ్ళినప్పుడు మొహమాటం లేకుండా 'మీరు ఏం చదివారమ్మా' అని అడగండి, మంచి పీఏ ఆ ప్రశ్నకి నొచ్చుకోదు.

కానీ అరగంట అడిగిందన్నారు చూడండి, అది మీకు మేలే చేసింది. నొప్పి స్కానింగ్‌లో కనిపించేది కాదు, మాటల్లో దొరుకుతుంది. మీరు రోజుకి ఎన్ని గంటలు తల వంచి అల్లుతారు, తిమ్మిరి బొటనవేలు వైపా చిటికెనవేలు వైపా, రాత్రి మెలకువ వస్తోందా, ఇవి తేలితేనే నరం మెడ దగ్గర నొక్కుకుందా, మణికట్టు దగ్గరా అన్నది తేలుతుంది. రెంటికీ వైద్యం వేరు. ఐదు నిమిషాలే అయినా డాక్టరు గారు మీ చేతులు తాము స్వయంగా చూసి, మందు తామే రాశారా? రాస్తే పద్ధతిగానే జరిగింది. గదిలోకి రాకుండా చీటీ మాత్రం బయటికొస్తే అప్పుడు గట్టిగా అడగండి.

అల్లిక పని మానమని ఎవరూ చెప్పలేరు, అది మీ చేతి కూడు. ఒడిలో దిండు పెట్టుకుని దారం పని కళ్ళకి దగ్గరగా ఎత్తుకోండి, అరగంటకోసారి లేవండి. చేతిలోంచి సూది జారిపోతున్నా, నడకలో తూలు వచ్చినా ఆగకుండా వెంటనే వెళ్ళండి.

ప్రశ్న: మా కజిన్ అమెరికాలో పీఏ. తనే మందులు రాస్తుంది, పేషెంట్లు తన పేరు మీదే అపాయింట్‌మెంట్ తీసుకుంటారు. మనకెందుకు ఆ స్వేచ్ఛ లేదు? ఇక్కడివాళ్ళకి తెలివి తక్కువా?
– ఒక పీఏ విద్యార్థిని, భీమవరం

జవాబు: తెలివి సంగతి కాదమ్మా. అక్కడ ఆ పని 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదలుపెట్టారు, నేవీలో వైద్య సేవ చేసి వచ్చిన నలుగురితో. అరవై ఏళ్ళలో ఒక్కో మెట్టూ ఎక్కారు. 300 ప్రశ్నల జాతీయ పరీక్ష పాసవ్వాలి, రెండేళ్ళకోసారి 100 గంటల చదువు చూపించాలి, లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది, మత్తు కలిగించే మందులు రాయాలంటే మత్తుమందుల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ డీఈఏ దగ్గర విడిగా రిజిస్టర్ కావాలి. పీఏ రాసిన మత్తు కలిగించే ప్రతి నొప్పి మాత్రా తన పేరు మీదే ఒక డేటాబేస్‌లో పడుతుంది. అంటే మీ కజిన్ సంతకం వెనక ఇంత పహారా ఉంది. నార్త్ డకోటా లాంటి చోట్ల 2019లో డాక్టరుతో ఒప్పంద పత్రం అక్కర్లేదన్నారు, ఇంకొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికీ కావాలి.

అదే ఇంగ్లండ్ చూడండి, పీఏలు మందు రాయకూడదు, ఎక్స్‌రేకి కూడా రాయకూడదు. 2024 డిసెంబరులోనే వాళ్ళకి రిజిస్ట్రేషన్ మొదలైంది, 2025 జులైలో వచ్చిన లెంగ్ సమీక్ష (పీఏల పని మీద అక్కడి ప్రభుత్వం చేయించిన పరిశీలన) అయితే, జాతీయ నియమావళిలో స్పష్టంగా చెప్పిన సందర్భాల్లో తప్ప జబ్బేదో ఇంకా తేలని పేషెంట్లని వాళ్ళు చూడకూడదని సిఫారసు చేసింది. ఒకే పేరు, దేశానికో హద్దు.

మనకి ముందు రిజిస్టర్ కావాలి, పరీక్ష కావాలి, తప్పు జరిగితే అడిగే కౌన్సిల్ కావాలి. నేను అడిగేది అవి. మందు రాసే హక్కు వాటి తర్వాత వస్తే సంతోషిస్తాను, ముందు వస్తే భయపడతాను. నొప్పి మందుల విషయంలో మరీ భయపడతాను, ఎందుకంటే అమెరికాలో లైసెన్సున్న డాక్టర్లే ఆ మాత్రలు ఎడాపెడా రాసి ఊళ్ళకి ఊళ్ళని అలవాటులోకి దించేశారు.

ప్రశ్న: మా ఊరి ఆర్ఎంపీ గారిది ముప్పై ఏళ్ళ అనుభవం. ఊడ్పుల రోజుల్లో ఆడవాళ్ళ నడుం నొప్పులకి ఒక్క ఇంజెక్షన్‌తో లేపి నిలబెడతారు. ఆయన కన్నా మీ పీఏలు ఎక్కువా?
– ఒక రైతు, రాజోలు మండలం

జవాబు: ఎక్కువా తక్కువా అని నేను అననండి. అర్ధరాత్రి కాలవ గట్టు మీద మోటార్ సైకిలేసుకుని వచ్చే మనిషి ఆయన, ఆ రుణం ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ ఆ ఇంజెక్షన్‌లో ఏముందో అడగండి. తరచుగా అది డైక్లోఫినాక్, దానితో కలిపి ఒక స్టెరాయిడ్. అదే మళ్ళీ మళ్ళీ పడితే షుగర్ పెరుగుతుంది, కడుపులో పుండు పడి రక్తం పోతుంది, కిడ్నీ దెబ్బతింటుంది. నేను తప్పు చేస్తే సాయంత్రానికి పట్టుకునే మనిషి నా పైన ఒకరున్నారు. ఆయన పైన ఎవరూ లేరు, మాకున్న తేడా అదే. నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవాళ్ళు మాత్రం ఈ మాట విని ఉన్నపళంగా ఆపకండి, డాక్టరు చేత మెల్లగా తగ్గించుకోవాలి.

ప్రశ్న: మా నాన్నకి నోటి క్యాన్సర్. ఇంక వైద్యం లేదన్నారు. రాత్రంతా మూలుగుతూనే ఉంటారు. మార్ఫిన్ మాత్రలు ఇస్తే బాగుంటుందని ఎవరో చెప్పారు. ఊళ్ళో ఏ మెడికల్ షాపులోనూ లేవు. మా క్లినిక్ పీఏ గారు నా చేతిలో లేదంటున్నారు. ఎవరి చేతిలో ఉంది?
– ఒక కొడుకు, మలికిపురం

జవాబు: బాబూ, ఆ పీఏ నిజం చెప్పారు. మార్ఫిన్ రాసేది ఆ మందు మీద శిక్షణ పొందిన డాక్టరు, దొరికేది గుర్తింపు పొందిన ఆసుపత్రిలోనే. ఒకప్పుడు ఆసుపత్రులు నాలుగైదు లైసెన్సుల కోసం తిరగాల్సి వచ్చేది. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి మార్ఫిన్ లాంటి ఆరు మందుల్ని అత్యవసర నార్కోటిక్ మందులుగా విడదీశారు, ఒకే అనుమతి చాలన్నారు. అయినా మన డెల్టాలో చిన్న ఊళ్ళకి ఇంకా చేరలేదు. ఎంత మంది తండ్రులు ఇలా మూలుగుతూ రాత్రుళ్ళు గడుపుతున్నారో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మీకు దగ్గరలో పెద్ద ప్రభుత్వాసుపత్రిలో కూడా 'పాలియేటివ్ కేర్ ఉందా, మార్ఫిన్ దొరుకుతుందా' అని సూటిగా ఇదే మాటతో అడగండి. పాలియేటివ్ కేర్ అంటే నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే వైద్యం. ఫోన్‌లో రాయించుకోవడం కుదరదు, మొదటిసారి నాన్నగారిని చూపించాలి. పాత రిపోర్టులన్నీ, బయాప్సీ కాగితం ముఖ్యంగా, పట్టుకెళ్ళండి.

మార్ఫిన్ అంటే ఆఖరి ఘడియలకిచ్చే మందని భయపడకండి. సరైన మోతాదులో ఇస్తే మనిషి కూర్చుంటాడు, మాట్లాడతాడు, నాలుగు ముద్దలు తింటాడు. మామూలు మాత్ర నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చాక కాదు, వేళ ప్రకారం. మలబద్ధకం తప్పకుండా వస్తుంది, అందుకని విరేచనం మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి.

ఇక మీ క్లినిక్ పీఏ గారి చేతిలో ఏముందో చెప్తాను. రోజూ ఒక ఫోన్. మీరు ఒక నోటుబుక్కులో మాత్ర వేసిన టైము, నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో, విరేచనం అయిందా, మగతగా ఉన్నారా రాయండి. ఆ పేజీ ఫోటో తీసి పంపితే, అది చూసి పీఏ గారు డాక్టరు గారికి చెప్తే డోసు మార్చేది ఆయన. మనిషి పిలిచినా పలకనంత మగతలో ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఫోన్ చెయ్యాలి, ఈ ముక్క మీ అమ్మగారికి కూడా నేర్పించండి. ఆ పీఏ గారికి ఈ కాగితం చూపించండి, ఫోన్ చెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాత్రలు బీరువాలో పెట్టి తాళం వెయ్యండి, ఎన్ని మిగిలాయో లెక్క రాసుకోండి, వాడకుండా మిగిలినవి ఎవరికీ ఇవ్వకుండా ఆసుపత్రికే తిరిగి ఇచ్చెయ్యండి.